అక్రోటు ఆకుల మీద

"నువ్వు లేవకమ్మా. త్సోంకా తెస్తుందిగా," అన్నాడు మా అబ్బాయి స్లావి, పెరుగు గిన్నె కోసం నేను బల్ల అంచు పట్టుకోగానే. ఇరుగుపొరుగు విని మురిసిపోయే మాట. నిజంగానే మంచివాడు వాడు. నా బదులు ప్రతిసారీ లేచేది వాడి పెళ్ళామేనని వాడికి తట్టదు, అంతే.

నాకు ఎనభై తొమ్మిదేళ్ళు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఒక్క పూటైనా చివరిదాకా కూర్చుని తిన్న గుర్తు లేదు. "ఉప్పేదీ?" అనేవాడు మా ఆయన, తలెత్తకుండా. ఉప్పు ఆయన మోచేతి పక్కనే ఉండేది. "అప్పుడే చతికిలబడ్డావా పిల్లా?" అనేది మా అత్తగారు, తను పొయ్యి దగ్గర నుంచి కదలకుండా. చీకటుండగానే రొడోపి కొండవాలు పొగాకు చేలో వంగి ఆకు తెంపడం, మోపు వీపునేసుకుని ఎక్కి రావడం, మధ్యాహ్నమంతా ఆ ఆకులు ఎండబెట్టడానికి దండలు గుచ్చడం. ఆ కాళ్ళని ఎవరూ మెచ్చుకోలేదు. నాకు కాళ్ళున్నాయన్న సంగతి నాకే పట్టలేదు. మొన్న చలికాలం జ్వరం వచ్చింది, పోయింది. స్లావి నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ళ మీద కప్పిన దుప్పటి మాత్రం మంచు కరిగేదాకా తియ్యలేదు. డాక్టరమ్మ నా తొడ నొక్కి చూసి, "కండ కరిగిపోతోంది. రోజూ లేపి నడిపించండి, ఈ వయసులోనూ కొంత తిరిగొస్తుంది," అంది. "బతుకంతా నిలబడే ఉంది మా అమ్మ. ఇప్పుడైనా కూర్చోనివ్వండి," అన్నాడు వాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

వాడు కూర్చోబెట్టిన నన్ను లేపేది త్సోంకా. దానికీ అరవై దాటాయి. దొడ్డికి, స్నానానికి, పక్క మీదికి, నా చంకల కింద చేతులేసి పళ్ళ బిగువున లేపుతుంది. నడుముకి ఉన్ని శాలువా బిగించి కట్టుకుంటుంది. "మీదేం బరువు అత్తయ్యా, పిట్టంత!" అంటుంది. పట్నంలో వృద్ధుల ఇల్లొకటి ఉందని ఒకసారి అది మెల్లగా అంటే స్లావి గయ్యిమన్నాడు. "ఊళ్ళో తలెత్తుకోగలనా? మా అమ్మని మేమే చూసుకుంటాం!" ఆ మేములో వాడి చేతులు లేవు.

నాకూ వెళ్ళాలని లేదు. అందుకే వాడు పనికి పోగానే బల్ల పట్టుకుని లేవడం, కూలబడడం మొదలుపెట్టాను. త్సోంకా చూసింది. కుర్చీ జారకుండా వెనక పాదం అడ్డం పెట్టి, నిలబడే చిక్కుళ్ళు ఒలిచింది. పెంతెకొస్తు పండక్కి లేవగలగాలని ఇద్దరం అనుకున్నాం. ఆ రోజు చర్చిలో అందరూ అక్రోటు ఆకులు పరుచుకుని మోకరిస్తారు. చనిపోయినవాళ్ళు వచ్చి మన మధ్య ఉంటారు కాబట్టి ప్రార్థన అయ్యేదాకా తలెత్తరు. అక్కడ నా అంతట నేను లేవగలిగితే ఇంట్లోనూ లేస్తాను. నాకు ఇల్లు మిగులుతుంది, దానికి నడుము మిగులుతుంది.

పండగ రోజు చర్చిలో మోకరించడం కష్టం కాలేదు. ఆకుల వగరు వాసన హాయిగా ఉంది. ప్రార్థన అయింది, చుట్టూ బట్టల చప్పుడు, అందరూ లేచారు. ఒక కాలు ముందుకు తెచ్చాను. రెండోది నాది కానట్టు పడుంది. అరచేతులు నేలకానించి మళ్ళీ ప్రయత్నించాను. ఇంకోసారి. "అయ్యో, పాపం," అన్నారెవరో.

"త్సోంకా! అలా చూస్తావేం, అమ్మని లేపు!" మగవాళ్ళ వైపు నుంచి స్లావి కేకేశాడు.

అది అప్పటికే నా వెనక వంగింది. నా చంకల కింద చేతులేసింది. చెవి దగ్గర చిన్న మూలుగు, వెంటనే దాన్ని దగ్గులోకి మార్చేసింది. నన్ను నిలబెట్టి, నా గౌనుకంటిన ఆకులు ఒక్కొక్కటే తీసింది. "ఇంకొన్నాళ్ళు చేద్దాం అత్తయ్యా, లేస్తారు," అంది. దాని పెదవులు తెల్లగా ఉన్నాయి.

స్లావి దగ్గరికొచ్చాడు. ఊరంతా వింటోంది.

"రేపు నన్ను పట్నంలో ఆ వృద్ధుల ఇంటికి తీసుకెళ్ళరా," అన్నాను. "అక్కడ నన్ను లేపేవాళ్ళకి జీతమిస్తారు."