రెండు పూటల బేరం

మునికృష్ణ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కూతురికి లాప్‌టాప్ కొనాలన్న ఆలోచన ఇంట్లో భార్య చెవిన పడే లోపలే, పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడ్డ వాళ్లందరికీ చేరిపోయింది.

"రేపు తిరపతికి పోతాండామప్పా. కొత్తది, అప్పుడే అట్టపెట్టెలోంచి తీసింది తెస్తాం. ఈ ఊళ్లో ఇంటికొచ్చే మొదటిది మాదే సూడు" అని ప్రతి ఒక్కరినీ ఆపి మరీ చెప్పాడు. విన్నవాళ్లు తప్పించుకునే దారి లేక తల ఊపారు.

గొప్పలకు పోయినా అవసరం మాత్రం నిజమైనదే. లోహిత తిరుపతిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది. సాయంత్రమైతే కాలేజీ ల్యాబు మూసేస్తారు. ఇల్లు చేరేసరికి కరెంటు పోతుంది, మళ్లీ భోజనాలయ్యాక గానీ రాదు. ప్రాజెక్టు సగంలో ఆగిపోయి ఉంది. అది పూర్తిచేసి చూపించకపోతే డిగ్రీ చేతికి రాదు. స్కాలర్‌షిప్పు, పాల బిల్లు కలిపి కూడబెట్టింది పాతికవేలు. ఒకసారి తప్పు వస్తువు కొంటే, రెండోసారి కొనే తాహతు ఆ ఇంటికి లేదు.

తిరుపతిలో కొట్టు నడిపే అమర్‌నాథ్ వాళ్లను మర్యాదగా కూర్చోబెట్టి ఒక కొత్త నల్లటి లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. పలక మాదిరి పలచన. మూత మీద అద్దమంత మెరుపు. మునికృష్ణ అందులో ముఖం చూసుకుని మీసం సర్దుకున్నాడు. అంతటితో ఆయన వరకు బేరం కుదిరిపోయినట్టే.

"కరెంటు లేకుండా ఎంతసేపు పనిచేస్తాదన్నా?" అని లోహిత అడిగింది.

"మూడు గంటలకు తక్కువ లేదమ్మా."

లోహిత తల ఊపి, లేచి కొట్టంతా ఒక చుట్టు చుట్టింది. కింది అరలో బూడిదరంగు లాప్‌టాప్ ఒకటి కనబడింది. మందంగా ఉంది, ఒక మూల రంగు గీచుకుపోయింది. బెంగళూరు కంపెనీ ఏదో కొన్నాళ్లు వాడి తీసేసిందట, బ్యాటరీ మాత్రం తానే కొత్తది వేశానని అమర్‌నాథ్ చెప్పాడు. ఆ పిల్ల దాన్ని తెచ్చి నల్లదాని పక్కన పెట్టింది. మూత పదిసార్లు తెరిచి మూసింది. మీటలన్నీ నొక్కి చూసింది.

మునికృష్ణకు తల కొట్టేసినట్టయింది. కూతురి చెవి దగ్గరికి వంగి, "పాతదా? కొత్తదని ఊరంతా చెప్పుకోనొచ్చినాను గదమ్మా. నా మొగం యాడ పెట్టుకునేది?" అన్నాడు.

"నాయనా, ఆవుకు కొమ్ములకు రంగేసి, మెళ్లో పూసలదండ కట్టి నిలబెడితే కొనేస్తావా? రెండు పూటలు పిండకుండా ఎప్పుడన్నా పలుపుతాడు పట్టుకున్నావా?"

ఆవును అమ్మేవాడు ఒక పూట పాలు పిండకుండా ఆపితే పొదుగు నిండుగా కనబడుతుంది. మొదటి పూట పాలను చూసి మోసపోయేవాడు పోతాడు. అందుకే ఆ పక్క రైతులు అమ్మేవాడి వాకిట్లోనే తిష్ఠవేసి, పొద్దునా సాయంత్రమూ తమ చేతులతో పిండుకుని గానీ బయానా ఇవ్వరు. ఎంత దగ్గరి చుట్టమైనా మునికృష్ణ ఈ కట్టు తప్పింది లేదు. తన నోటి నుంచి రావలసిన మాట మెరుపు చూసి తాను మరిచిపోతే, కూతురి నోటి నుంచి వచ్చింది. సిగ్గేసింది. సిగ్గు కంటే గర్వం ఎక్కువగా కలిగింది.

"రెండిట్లకూ వైర్లు పీకేయబ్బా. మా పాప పని చేసి చూస్తాది. ఏది ఎంతసేపు నిలబడతాదో ఈడనే కూచుని సూస్తాం" అన్నాడు అమర్‌నాథ్‌తో, ఇందాకటి నుంచి తన ఆలోచన ఇదే అయినట్టు.

"ఇట్ట అడిగినోళ్లు ఇంతవరకూ లేరు సార్."

"పిండనీకుండా ఆవునమ్ముతామంటే మేం కొనేది లేదు."

అమర్‌నాథ్ నవ్వేసి వైర్లు తీసేశాడు. లోహిత రెండింటిలోనూ ఒకే పని పెట్టింది. గంట దాటిందో లేదో నల్లది కళ్లు మూసింది. బూడిదరంగుది తన మానాన తాను పనిచేస్తూనే ఉంది. పొద్దున ఛార్జి సరిగ్గా ఎక్కలేదేమోనని అమర్‌నాథ్ సందేహపడ్డాడు.

"అందుకే గదా రెండో పూట. నిండా ఎక్కించు" అన్నాడు మునికృష్ణ.

ఛార్జి ఎక్కేలోపు తండ్రీకూతుళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిని వచ్చారు. రెండో పూటా నల్లది గంటకే చతికిలపడింది. బూడిదరంగుది మాత్రం పల్లెలో కరెంటు లేని సాయంత్రమంతా గడిచిపోయేంత సేపు లాగింది. అప్పటికి అమర్‌నాథ్ కూడా బేరాలు వదిలేసి దాని ముందే నిలబడ్డాడు. కొడుక్కి లాప్‌టాప్ కొనడానికి వచ్చిన ఒకాయన లోహిత దగ్గరికి వచ్చి, "ఏది తీసుకోమంటావమ్మా?" అని అడిగాడు. మునికృష్ణ లేచి, పక్కనున్న కుర్చీని ఆయన కోసం కూతురి దగ్గరికి జరిపాడు.

మరుసటి రోజు సాయంత్రం యథాప్రకారం కరెంటు పోయింది. వీధంతా చీకటి. మునికృష్ణ ఇంటి నడవలో మాత్రం తెర వెలుగుతోంది, లోహిత వేళ్లు టకటకలాడుతున్నాయి. చూడడానికి వచ్చినవాళ్లతో నడవ నిండిపోయింది. పాలకేంద్రంలో కొలతలు చూసే మునిరామయ్య ముందుకు వంగి, గీచుకుపోయిన మూల మీద వేలు పెట్టాడు.

"ఏందప్పా మునికృష్ణా, ఈడ రంగు పోయుండాది? కొత్తదని చెప్పినావే?"

బస్సులో గీచుకుందని చెబితే నమ్మేవాళ్లే అందరూ. ఆ అబద్ధం మునికృష్ణ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల ఈ మాటలేవీ వినడం లేదు. ఇన్నాళ్లూ సగంలో ఆగిన పనిలో మునిగిపోయి ఉంది.

"పాతదే మునిరామయ్యా. నేను కొత్తదాన్ని చూసి మెరుపుకు పడిపోతే, మా పాప నన్ను ఆపి దీన్ని ఏరింది" అన్నాడు, వీధి చివరిదాకా వినబడేటట్టు. "దుడ్డుంటే కొత్తది ఎవురైనా కొంటారు. ఇట్ట ఏరి కొనేది నా బిడ్డకు వచ్చు."