నాలుగో పాదంలో లోటు

తన పద్యాల్లో ఎవరైనా వేలు పెడితే నోలీన్‌కి ఒళ్లు మండేది. ఆ హక్కు ఆమె మొగుడు క్లెమ్ ఒక్కడికే ఉండేది. అదీ నోటితో కాదు, బూటుతో.

కోల్టన్ డౌన్స్‌లో ఏటా పశువుల ప్రదర్శన నాడు పొద్దున్నే పద్యాల పోటీ పెడతారు. నోలీన్ అక్కడ ఇరవై ఆరేళ్లు తన పద్యాలు చదివింది. క్లెమ్ ముందు వరసలో కూర్చుని, చెక్క నేల మీద మడమతో తాళం వేసేవాడు. జీవితమంతా పశువులు తోలినవాడు, ఉపమ అంటే ఏమిటో చచ్చేదాకా తెలుసుకోలేదు. కానీ పాదంలో ఒక్క గణం తగ్గిందా, మాట లేని చోట బూటు పడేది, కనుబొమ లేచేది. ఆ సాయంత్రమే నోలీన్ పెన్సిలు తీసి దిద్దుకునేది.

క్లెమ్ పోయి పదకొండు నెలలు. ఈ ఏడు నోలీన్ దొడ్డి గేటు మీద ఆరు చరణాలు రాసింది. ఆయన పేరు లేదు, చావు ఊసు లేదు. ప్రతి చరణంలోనూ నాలుగో పాదంలో ఒక గణం కావాలనే కోసేసింది. చదివేటప్పుడు అక్కడ ఆగదు, నిట్టూర్చదు. పాదం కాస్త ముందే అయిపోతుంది, అంతే. ఆ ఖాళీ క్లెమ్‌ది. హాల్లో ఒక్కరికైనా అది వినబడాలి. లేకపోతే తనను ఆ తీరున వినే చెవి ఇక లోకంలో లేనట్టే. బహుమతి ఎవరిక్కావాలి? ఆమె పోటీకి వెళ్లింది అది తేల్చుకోడానికి.

పక్క పొలం ర్యూబీకి ముందురోజే వంటింట్లో చదివి వినిపించింది.

"ఎలా ఉంది?"

"బాగుంది. గేటు రంగు చెప్పలేదేం?"

"ఇంకేమైనా తగ్గినట్టు ఉందా?"

"రంగే తగ్గింది. చెప్పాగా."

నోలీన్ కాగితం సంచిలో పెట్టేసింది.

పోటీ రోజు హాలు నిండింది. బయట పెనం మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి, రేకుల కప్పు అప్పుడే ఎండకి కాలుతోంది. న్యాయనిర్ణేత మిస్ ట్రాస్క్ వేదిక పక్కన, నేలదాకా గుడ్డ దిగిన బల్ల వెనక కూర్చుంది. పాత హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ జిల్లాలో లేరు.

నోలీన్ చదివింది. ఆరు ఖాళీలూ ఆరుసార్లు వచ్చి పోయాయి. ఒక్క కనుబొమ కదల్లేదు. చివర చప్పట్లు మాత్రం గట్టిగానే మోగాయి, కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు. ఏడవాల్సిన చోట ఎవరూ ఏడవలేదని ఆమెకి ఉక్రోషం వచ్చింది.

టీ దగ్గర, స్కూలుకి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారు కప్పు పట్టుకుని ఎదురొచ్చాడు. "అద్భుతం అండీ. ఆ గేటు మరణానికి ప్రతీక కదూ? లోపలున్నది ఇహం, అవతలున్నది పరం."

"గేటు గేటే, బాబూ. కింది కమ్మీ ఊడింది. తీగతో కట్టాను."

"అంటే బంధం అన్నమాట," అన్నాడు సంబరంగా.

ఇంకొకావిడ ప్రాస బాగుందంది. ఇంకొకాయన గాలిని ముసలి కుక్కతో పోల్చడం బాగుందన్నాడు. అందరికీ ఉన్నవే కనబడ్డాయి. నోలీన్ టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేసింది.

బహుమతులు మరెవరికో పోయాయి. తర్వాత మార్కుల కాగితాలు పంచారు. నోలీన్‌ది ర్యూబీ తెచ్చింది, మొహం కందగడ్డ చేసుకుని.

"చూడు ఆ మహాతల్లి నిర్వాకం. ఆరు మార్కులు కోసింది. మొదటి బహుమతి నాలుగు మార్కుల తేడాతో పోయింది నీకు. పద, కమిటీకి రాసిద్దాం."

నోలీన్ కళ్లజోడు పెట్టుకుంది. అక్షరాలు నిటారుగా ఉన్నాయి. 'అంత్యప్రాస: లోపం లేదు. ఉపమలు రెండు, రెండూ అతికాయి. ఛందస్సు: ఆరు చరణాల్లోనూ నాలుగో పాదంలో ఒక గణం లోపించింది. ఆరు మార్కులు కోత.'

ఆమె ఆ చివరి వాక్యాలు మళ్లీ చదివింది. తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది.

మిస్ ట్రాస్క్ తల ఎత్తలేదు. "ఫిర్యాదులు కార్యదర్శికివ్వండి."

"ఫిర్యాదు కాదు. మీకెలా తెలిసింది?"

"లెక్కపెడతాను. బల్ల కింద కాలుతో." ఆవిడ కలం మూత పెట్టింది. "ఆరుసార్లు నా కాలు మాట లేని చోట పడింది. ఒకసారైతే పొరపాటు అనుకుందును. ఆరుసార్లూ ఒకేచోట అంటే కావాలని చేసిన పని. ఎందుకో అడగను. దానికి ఈ కాగితంలో గడి లేదు. మార్కులు మాత్రం తిరిగివ్వను."

"ఇవ్వకండి," అంది నోలీన్. "దయచేసి ఇవ్వకండి."

మిస్ ట్రాస్క్ అప్పుడు తలెత్తి చూసింది. ఒక కనుబొమ కొద్దిగా లేచింది.

బయట ర్యూబీ బండి తలుపు తీసి పట్టుకుని ఉంది. "ఏమంటుంది? దిద్దుతుందా?"

"లేదు."

"మరి నువ్వు గమ్మున వచ్చేశావా? ఆరు మార్కులే."

"క్లెమ్ అయితే పన్నెండు కోసేవాడు," అని నోలీన్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. బండి ఊరు దాటాక, పదకొండు నెలల్లో మొదటిసారి, తనివితీరా ఏడ్చింది. ర్యూబీ బండిని తిన్నగా దొడ్డి గేటు దాకా నడిపింది.