పెడల్ మీద నా కాలు

స్టూడియో తలుపు తోసేసరికి నా వైబ్రాఫోన్ ముందు ఎవరో నిలబడి ఉన్నాడు. పొడుగాటి నల్లజాతి మనిషి, ఇస్త్రీ నలగని సూటు, చేతుల్లో ఊలు చుట్టిన పుల్లలు నాలుగు. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే అడిగేశాను.

"ఎవరన్నయ్యా ఈయన?"

మా అన్న నెమేసియో కాంగా డ్రమ్ము తోలు బిగిస్తూ నీళ్ళు నమిలాడు. "లూషస్ గారని, జాజ్ వాయిస్తారు. ఇవాళ ఒక్కరోజుకీ..."

"రికార్డయ్యేది ఇవాళే కదా!"

"అందుకే చెల్లీ."

ఆ పాట నాది. జాకెట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ కట్టుకున్న పాట. ఏళ్ళ తరబడి బ్రాంక్స్ డాన్సు హాళ్ళలో వాయించి వాయించి చివరికి ఒక రికార్డు కంపెనీ చేత పిలిపించుకుంటే, దాని మీద వేరేవాళ్ళ చేతులా?

రికార్డింగు యంత్రాలున్న అద్దాల గదిలోంచి కంపెనీ మనిషి వెండెల్ బయటికొచ్చాడు. "మీ వేళ్ళు బంగారమండీ మిగ్దాలియా. చిక్కంతా కాలితోనే. మొన్న వాయించినప్పుడు చూశాను, పెడల్ మీద కాలు ఒక్క క్షణం ఊరుకోదు. స్వరం మోగేలోపే తుంచేస్తున్నారు. జాజ్ వినేవాళ్ళు కుర్చీల్లో కూర్చుని వింటారు, వాళ్ళకి ఆ మోత కావాలి."

నిజమే. వైబ్రాఫోన్‌కి కింద పెడల్ తొక్కితే పుల్లలతో కొట్టిన లోహపు రేకులు మోగుతాయి, వదిలితే గొంతు నొక్కేసినట్టు ఆగిపోతాయి. నా కాలు మాత్రం దరువే తొక్కుతుంది. మావాళ్ళ లాటిన్ పాటలన్నీ క్లావే అనే దరువు మీద నడుస్తాయి. రెండు కర్రముక్కలు ఒకదానికొకటి కొట్టి పలికిస్తాం, ఒక సగంలో మూడు దెబ్బలు, ఇంకో సగంలో రెండు. పాట ఏ సగంలో దిగాలో ఆ సగంలోనే దిగాలి. తప్పితే కుంటుతుంది. చిన్నప్పట్నించీ ఒంట్లోకి ఇంకిపోయిన దాన్ని కాలు ఎలా మానేస్తుంది?

"సరే, వాయించనీ, చూద్దాం" అని గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాను.

లూషస్ మొదలుపెట్టాడు. అబద్ధం ఎందుకు, చేతులు అద్భుతం. నాలుగు వరుసలయ్యాక నెమేసియో చేతులు డ్రమ్ము మీద ఆగిపోయాయి. టింబాలె డ్రమ్ములు వాయించే చాగో కూడా పుల్లలు దించేశాడు. దరువు తప్పితే మావాళ్ళు నోరు విప్పి చెప్పరు, ఇలా ఊరుకుంటారంతే.

"ఏం, ఆపేశారే?" అన్నాడు లూషస్.

"ఏం లేదు సార్, మీరు మెట్లు దిగుతుంటే మేం ఎక్కుతున్నాం" అన్నాడు చాగో.

మళ్ళీ మొదలు, మళ్ళీ ఆగడం. లూషస్‌కి కోపం వచ్చింది. "నేను లెక్క తప్పలేదే!"

"లెక్క తప్పలేదయ్యా, గుమ్మం తప్పారు, వేరే సగంలో దిగారు" అన్నాను. ఇక ఊరుకోలేకపోయాను. వెళ్ళి ఆయన పక్కన ఇరుక్కుని పెడల్ మీద నా కాలు పెట్టాను. "మీ పని మీరు కానివ్వండి. రేకు ఎక్కడ మోగుతోందో వింటూ రండి."

తొక్కాను. మూడు, రెండు. ఆయన తల వంచి విన్నాడు. మూడోసారి సరైన సగంలో దిగాడు. నెమేసియో చేతులు లేచాయి. అద్దాల గదిలోంచి వెండెల్ అరిచాడు: "భలే! ఆయన వాయిస్తారు, మీరు తొక్కండి. టేపు తిరుగుతోంది!"

చివరిదాకా వాయించాం. అబ్బ, ఏం చెప్పను! నేను హడావిడిగా దాటేసే చోట ఆయన ఆగేవాడు. ఒక్క స్వరం కొట్టి, రెండోది కొట్టకుండా ఊరించేవాడు. నా పాటలో అంత చోటుందని నాకే తెలీదు. సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అయిపోయింది" అన్నాడు వెండెల్ చేతులు రుద్దుకుంటూ. "రికార్డు అట్ట మీద లూషస్ పేరు, కింద మీ బ్యాండు పేరు."

"మరి నా పేరు?"

"తొక్కినందుకు పేరెవరు వేస్తారండీ?"

చాగో నవ్వబోయి నా మొహం చూసి మానేశాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి!

"ఇంకోసారి" అన్నాను. "ఈసారి దీని మీద నేనొక్కదాన్నే."

"ఐదింటికి వేరేవాళ్ళు వస్తారు. కుదరదు."

నేను పెడల్ మీంచి కాలు తీయలేదు. "పాట నాది. నా చేతులు లేకుండా అది ఈ గది దాటదు. కాలు అద్దెకివ్వడానికి రాలేదు నేను."

వెండెల్ మా అన్న వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. ఈ రికార్డు పోతే మళ్ళీ పిలవం."

నెమేసియో డ్రమ్ము వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రికార్డు కోసం వాడెంత తపించాడో నాకు తెలుసు. వాడు అవతలి పక్షం తీసుకుంటే చెయ్యగలిగేది ఏమీ లేదని కూడా తెలుసు.

"అది నా మాట వినే ఘటమైతే కదండీ" అని, ఒంటరిగా కాంగా మొదలుపెట్టాడు. చాగో వెంటనే అందుకున్నాడు. లూషస్ పక్కకి జరిగి పుల్లలు నా చేతికిచ్చాడు. వెండెల్ తిట్టుకుంటూ అద్దాల గదిలోకి పోయాడు, కానీ టేపు తిప్పాడు.

వాయించాను. చేతులకి తోడు కాలు తుంచుతూనే ఉంది, మొన్నటిలాగే, ఇంకా మొండిగా. సగానికి వచ్చాక లూషస్ ఆగిన చోటు వచ్చింది. నేనూ ఆగాను. పెడల్ పూర్తిగా అదిమి కాలు కదపకుండా ఉంచాను. నా ఒంట్లో దరువు ఆగడం జన్మలో అదే మొదటిసారి. పడిపోతానేమో అనిపించింది. పడలేదు. రేకులు గదంతా మోగుతుంటే, ఆ మోతలోపలే క్లావే తన దారిన తను నడుస్తోంది. అన్న చేతుల్లో ఉంది, చాగో పుల్లల్లో ఉంది. సరైన సగం రాగానే మళ్ళీ తొక్కాను. గోడ దగ్గర లూషస్ "ఆహా!" అన్నాడు పైకే.

చివరి మోత ఆగేదాకా ఎవరూ కదల్లేదు. వెండెల్ బయటికొచ్చి గోడ వైపు తిరిగాడు.

"లూషస్, మీరేమంటారు?"

"నా చేతులే నయం" అన్నాడు ఆయన మొహమాటం లేకుండా. "కానీ వెయ్యాల్సింది ఆవిడదే."

వెండెల్ నుదురు రుద్దుకున్నాడు. "సరే, ఇదే వేద్దాం. అట్ట మీద ఏం పేరు వెయ్యమంటారు?"

నేను నోరు తెరిచేలోపే మా అన్న అన్నాడు: "మిగ్దాలియా రొసారియో బ్యాండు."

ఉలిక్కిపడ్డాను. వాడు కూలి డబ్బులతో ఒక్కో వాయిద్యం కొని నిలబెట్టుకున్న బ్యాండది. ఊరంతా నెమేసియో బ్యాండనే పిలిచేది.

"పిచ్చెక్కిందా? అది నీది" అన్నాను.

"పొద్దున నీకు చెప్పకుండా నీ పాట ఇంకొకరి చేతుల్లో పెట్టాను" అన్నాడు, నా మొహం చూడలేక. "నా దగ్గర ఇవ్వడానికి ఇదొక్కటే ఉంది, తీసుకో."

మర్యాదకైనా వద్దనాలి. నేను వద్దనలేదు.