ఈ ఏడు గుండీలు వద్దు

"డ్రైవర్ ఒక్కసారే బ్రేకు కొడితె ముంగటికి పడ్తవు బిడ్డా. పడితె పండ్లు రాలుతయి. ఇప్పుడే చెప్తున్న, కమ్మి ఇడువకు."

బస్సు ఇంకా రానే లేదు. కోరుట్ల బస్టాండులో బెంచీ మీదే కూర్చుని ఉన్నాం. నా బిడ్డ ప్రవళిక నా వైపు తిరిగి నవ్వింది. అది నవ్వితే నోరొక్కటే నవ్వదు, మెడ, భుజం, చేయి అన్నీ కలిసి నవ్వుతాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ కొంచెం జరిగి కూర్చుంది.

ప్రవళిక పుట్టగానే ఏడవలేదు. మెదడుకు గాలి అందలేదని డాక్టర్లు చెప్పారు. చేతులు లోపలికి వంగి ఉంటాయి. గోడో మనిషో పట్టు దొరికితే నడుస్తుంది. మాట ఒక్కొక్కటిగా, ఎక్కడో లోతులోంచి తోడుకున్నట్టు వస్తుంది. తెలివికి మాత్రం ఏమీ తక్కువ లేదు. టీవీలో వార్తలన్నీ చూస్తుంది, మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేస్తే ఆయన అబద్ధమాడే చోట సరిగ్గా నవ్వుతుంది. పెళ్ళీడు దాటింది. నాకు మాత్రం ఇప్పటికీ దాని చేయి వదలాలంటే భయమే.

ఆ రోజు మేము జగిత్యాలకు బయలుదేరింది లక్ష్యం రాయించడానికి. ఇలాంటి పిల్లలకు సాయం చేసే కేంద్రం ఒకటి అక్కడ ఉంది. ఏడాదికోసారి పిలిచి, ఈ మనిషి ఈ ఏడు ఏం సాధించాలనుకుంటోంది అని అడిగి రాసుకుంటారు. ఏది రాస్తే ఆ ఏడంతా దానికే సాయం. కేంద్రం నుంచి మాధవి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చి అదే నేర్పిస్తుంది. పోయినేడు రాసింది గుండీలు. అంతకు ముందేడు కూడా గుండీలే. 'ప్రవళిక తన చొక్కా గుండీలు తానే పెట్టుకోవాలి.' చెప్పింది నేనే. నాకు ఆ లక్ష్యం మీద ఏ బెంగా ఉండేది కాదు. గుండీలు పెట్టుకుంటూ ఎవరూ కింద పడరు.

ఈ ఏడు మాత్రం ప్రవళిక తిరగబడింది. మూడు చొక్కాల గుండీలు పళ్ళతో కొరికి పీకేసింది. పీకినవి దాచిపెట్టలేదు, నేను బీడీలు చుట్టే చేటలో, తునికాకు మీద, నాకు కనిపించేటట్టు ఉమ్మింది.

దీనంతటికీ మూలం సిరిసిల్ల.

పోయిన నెల మా అన్న రాజనర్సు మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు సిరిసిల్ల వెళ్ళాం. అది నా పుట్టిల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు నడుస్తాయి. బయటివాళ్ళు వాటిని మరమగ్గాలంటారు. భోజనాలయ్యాక చూస్తే కుర్చీలో ప్రవళిక లేదు. నాకు మొదట బావి గుర్తొచ్చింది. ఆ బావిని ఎప్పుడో పూడ్చేశారు, అయినా బావే గుర్తొచ్చింది. తర్వాత రోడ్డు, తర్వాత కుక్కలు. వాకిట్లో అందరి మీదా అరిచాను. చివరికి మా వదిన భాగ్యశ్రీ షెడ్డు వైపు చూపించింది.

లోపల సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోత తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళంతా సైగలతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గరికి ఎత్తితే చాయ్‌కి పోదామని. పొట్ట మీద గుండ్రంగా చేయి తిప్పితే ఆసామి వస్తున్నాడని, అంటే సాంచాల యజమాని మా అన్న.

ప్రవళిక నూలు మూట మీద కూర్చుని ఉంది. ఎదురుగా సాంచా నడిపే లచ్చయ్య నిలబడి సైగ చేస్తున్నాడు. అది తన వంకర చేయి పైకెత్తి, పొట్ట మీద తిప్పి, ఆ చేయిని ఇంకా ఇంకా ముందుకు చాపింది. మా అన్న పొట్ట అంత పెద్దదని. షెడ్డులో నలుగురు మగవాళ్ళూ, కండెలు చుట్టే ఇద్దరు ఆడవాళ్ళూ పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వు ఒక్కటి కూడా వినపడటం లేదు.

నేను చూసింది నవ్వును కాదు. బెల్టును. తిరిగే బెల్టు, దాని పక్కనే నా బిడ్డ చున్నీ. చిన్నప్పుడు అదే షెడ్డులో, పోగును అటూ ఇటూ లాగే నాడె ఎగిరొచ్చి ఒక మనిషి కంటికి తగలడం చూశాను. ఉరికి వెళ్ళి రెక్క పట్టుకుని లాగాను. ప్రవళిక మూట తాడు పట్టుకుని రాలేదు. లచ్చయ్య నా వైపు చూసి అరచేయి కిందికి రెండుసార్లు ఊపాడు. ఉండనీ అని. నేను ఆ మోతలోనే పెరిగినదాన్ని, ఆ సైగ నాకు తెలుసు. తెలియనట్టు లాక్కొచ్చాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట. "సిర్... సిల్ల." అన్నం పెడితే సిరిసిల్ల. స్నానం చేయిస్తే సిరిసిల్ల.

మొన్న మాధవి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను, "సిరిసిల్ల గిరిసిల్ల ఏం రాయకు చెల్లె. పడిపోవద్దు, ఒక్కతే బయటికి పోవద్దు, ఎవ్వలతోని లొల్లి పెట్టుకోవద్దు. గివి రాయి. కడమది గుండీలు."

మాధవి చాయ్ తాగుతూ అంది, "అక్కా, గీ వద్దులన్ని సచ్చినోళ్ళు నీ బిడ్డ కంటె మంచిగ చేస్తరు. పడిపోరు, బయటికి పోరు, లొల్లి పెట్టరు."

"నీ నోట్ల మన్నువడ! దీపాలు పెట్టే యాళ్ళ గా మాటలేంది?"

ప్రవళిక ఎంత నవ్విందంటే దాని చాయ్ అంతా నా చేటలో ఒలికింది.

"కోపానికి రాకక్కా," అంది మాధవి తునికాకు తుడుస్తూ. "లక్ష్యమంటె బతికున్న మనిషి చేసేది ఉండాలె. అది ఆమెకు కావాల్సింది ఉండాలె గని, నీకు నిద్ర వట్టేది కాదు. గుండీలు రాస్తె ఏడాదంత నేను గుండీల ముంగట కూసుంట. సిరిసిల్ల రాస్తె ఆమెతోని బస్సెక్కుత. మొదలు వేములవాడ దాంక, అటెన్క సిరిసిల్ల దాంక. నేను పక్క సీట్ల, అటెన్క ఎన్క సీట్ల. ఒకనాడు బస్సుల నేను ఉండనే ఉండ."

"నువ్వు ఉండవు. బ్రేకు ఉంటది. ఫ్రీ బస్సు అయినకాడి నుంచి నిలవడ సందు లేదు, దీనికి సీటెవలిస్తరు? సరే, బస్సు దిగింది. సాంచాల కాడ ఏంది? నాడె ఎగిరితె నీ కంటికి తాకుతదా, దాని కంటికా?"

"గది గూడ రాద్దాం. ఎంత దూరంల కూసోవాలె, చున్నీ ఎట్ల కట్టాలె, ఎవ్వలు సూస్తుండాలె. నీ భయాలన్ని చెప్పు, ఒక్కటి ఇడువకుండ రాసుకుంట. గని భయమే లక్ష్యం కావద్దక్కా."

లోపలికి వెళ్ళి బొగుణలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

అయినా ఇప్పుడు ఈ బస్టాండులో, గుండీల మాటే రాయించాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను. ప్రవళిక గుండీలు లేని టీషర్టు వేసుకుని కూర్చుంది.

బస్సులో అది పడలేదు. నేను పడబోయాను. అది కమ్మీ వదలకుండా నన్ను చూసి మళ్ళీ మెడ, భుజం కలిపి నవ్వింది.

జగిత్యాలలో కేంద్రం మేడ మీద ఉంది. మెట్లెక్కేటప్పుడు జారితే ఏంది అని ఒకటి, దిగేటప్పుడు ఎట్లా అని ఒకటి, రెండూ పైకే అన్నాను. మాధవి అప్పటికే వచ్చి కూర్చుంది. విజయ్ సార్ ఆ కేంద్రానికి పెద్ద. మంచివాడే. ప్రవళికకు ఫ్యాన్ కింద కుర్చీ వేయించాడు, నాకు నీళ్ళిచ్చాడు, లాప్‌టాప్ తెరిచాడు.

"గుండీల కాడ కొంచెం ఇంప్రూవ్‌మెంట్ ఉన్నదమ్మా. ఈ ఏడు గూడ అదే కంటిన్యూ చేద్దాం. ఆరు నెలలల్ల మూడు గుండీలు అని రాస్త."

నేను తల ఊపబోయాను. ప్రవళిక కాలు బల్లకు ఠప్పున తగిలింది. పొరపాటున కాదు. రెండోసారి కూడా తన్నింది. పెన్నుల డబ్బా పడి పెన్నులన్నీ దొర్లాయి.

విజయ్ సార్ వంగి పెన్నులేరుతూ అన్నాడు, "సూసిన్రా? కోపం తగ్గించుకునుడు గూడ ఒక లక్ష్యం పెడదాం."

"సార్," అంది మాధవి. "ఆమె లక్ష్యం ఆమె చెప్తున్నది. సిరిసిల్లకు పోవాలె, వాళ్ళ మామ సాంచాల కాడికి."

"సాంచాల కాడికా? ఏం చేస్తదమ్మా ఆడ? కండెలు చుడతదా గా చేతులతోని?" ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. "బస్సుల పడితె? ఆడ ఏమన్న తాకితె? రేపు మీరే నన్ను అడుగుతరు గద."

అవి నా మాటలే. పొద్దున బస్టాండులో అన్నవి, మొన్న మాధవితో అన్నవి. నేనంటే అవి తల్లి మాటల్లా ఉండేవి. ఆయన నోట వింటుంటే, నా బిడ్డ ముందు ఎవరో తలుపు మూసి గొళ్ళెం పెడుతున్నట్టు అనిపించింది. అయినా నోరు మూసుకునే ఉండేదాన్నేమో. ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఆమెకేం ఎరుకమ్మా, పాపం. ఎవ్వలన్న చెప్తె గదే అంటది."

"ఎవ్వలు చెప్పిన్రు సార్?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మస్కట్ కాడ ఉన్న వాళ్ళ బాపు చెప్పిండా? మా అన్న చెప్పిండా? నేను చెప్పిన్నా? నేనైతె నెల దినాలాయె వద్దనే చెప్తున్న. తిట్టిన, బతిమాలిన, రెక్క వట్టి గుంజుకొచ్చిన. ఇంతగనం వద్దన్న గూడ అంటున్నదంటె గది ఎవ్వలో నేర్పిన మాట ఎట్లయితది? దాని సొంత మాటనే గద. నా మాట ఇనే పిల్లనైతె ఈపాటికి గుండీలన్ని పెట్టుకునుండు."

మాధవి తల వంచుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

"కోపమెందుకమ్మా. మీ మంచికే..."

"రాయి సార్, సిరిసిల్ల రాయి. నాకు భయమే. రాత్రంత నిద్రవట్టది, గది నిజమే. బస్సు కింద పడ్తదనే అనుకుంట, చున్నీ బెల్టుల చిక్కుతదనే అనుకుంట. గవన్ని మాధవికి చెప్త, ఆమె రాసుకుంటది. నా భయం కాయిదం నాకుండనీ. దాని కాయిదం దానికి ఇయ్యి."

ఇప్పుడు ఏదన్నా జరిగితే అడగడానికి ఎవరూ లేరు, నన్ను నేనే అడుక్కోవాలి అనుకున్నాను. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

విజయ్ సార్ లాప్‌టాప్ మీద చేయి పెట్టి ఆలోచించాడు. "సరే. గని నేను పైకి పంపాలె. సిరిసిల్లకే ఎందుకు, సాంచాల కాడికే ఎందుకు అని అడుగుతరు. కారణం ఆమెనే చెప్పాలె. మీ మాట నడవదు."

"అంటె సార్, పని నేర్చుకుంటదని..." అని మొదలుపెట్టాను. నోటికి అదే వచ్చింది. ఎవరు దాన్ని ఏది అడిగినా ముందు నా నోరే తెరుచుకుంటుంది.

ప్రవళిక చేయి లేచింది. మొదట నా ముక్కుకు తగిలింది, తర్వాత కిందికి జారి నా నోటి మీద పడింది. అక్కడే గట్టిగా నొక్కి పట్టింది. ఆ వంకర వేళ్ళలో అంత బలం ఉందని నాకు తెలియదు.

సరే, మాట్లాడను అన్నట్టు తల ఊపాను. చేయి తీసింది.

ఫ్యాను తిరుగుతోంది. పక్క గదిలో ఎవరిదో ఫోన్ మోగి మోగి ఆగింది. కింద రోడ్డు మీద ఆటోవాడు రాయికల్, రాయికల్ అని ఊరిపేరు అరుస్తూ మనుషులను పిలుస్తున్నాడు. ప్రవళిక మెడ బిగిసింది, గొంతు దగ్గర నరం లేచింది, పెదవులు తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. మాట వచ్చేముందు అలాగే అవుతుంది. ఫిట్స్ వస్తుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ మాట ఏమిటో నాకు తెలిసినట్టే ఉంది, అందించాలని నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కరిచాను.

విజయ్ సార్ గడియారం చూశాడు. "పర్వాలేదమ్మా, ఇంకోసారి..." అంటూ నోరు తెరిచాడు.

ఈసారి అరచేయి ఎత్తింది నేను. కిందికి రెండుసార్లు ఊపాను. ఆయనకు అర్థమైందో లేదో గాని ఆగాడు. ప్రవళికకు అర్థమైంది. నా చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆటోవాడు మనుషులను నింపుకుని వెళ్ళిపోయాడు. ఇంకో ఆటో వచ్చింది. మేము అలాగే కూర్చున్నాం.

అప్పుడు వచ్చింది మాట.

"ఆడ... ఎవ్వల మాట... ఎవ్వలకు... ఇనవడది." ఊపిరి తీసుకుంది. చెమట కారుతోంది. "ఆడ... అందరు... నా లెక్కనే." ఇంకో ఊపిరి. వంకర చేయితో లాప్‌టాప్ వైపు చూపించింది. "రాయి... సార్."