పార్కింగ్ లాట్ పెద్దమనుషులకు నచ్చని ఇంజిన్

ఇంజిన్లు కట్టడం నాకు నలభై ఏళ్ల పని. అయినా మా లైమా ఊళ్లో ఏ ఇంజిన్‌కి ఏ భాగాలు వేయాలో తేల్చేది నేను కాదు, శనివారం పొద్దున బర్గర్ కొట్టు ముందున్న పార్కింగ్ లాట్‌లో చేరే పెద్దమనుషులు. పాత కార్లు వరసగా నిలిపి, బానెట్లు ఎత్తి, మడత కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతుంటారు. సగం కార్లు ఇంటి నుంచి అక్కడికీ, అక్కడి నుంచి ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్లవు. అక్కడ మర్యాద దక్కాలంటే కారు పరిగెత్తక్కర్లేదు, నిలబడ్డచోటే ఊగిపోతూ దడదడలాడితే చాలు. ఇంజిన్ ఇవాళో రేపో ఆగిపోయేలా మూలగడాన్ని వాళ్లు మగతనం అంటారు.

వెండెల్ ఆ సభలో కొత్త సభ్యుడు, బీమా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పదకొండేళ్లుగా గరాజులో ఒక పాత కారును విప్పుతూ బిగిస్తూ గడిపాడు. ఆ పదకొండు చలికాలాలూ అతని భార్య నోరీన్ బయట నిలిపిన తన కారు మీద మంచు గోక్కుని ఆఫీసుకు వెళ్లింది. ఆవిడ అడిగింది ఒక్కటే. నలభయ్యో పెళ్లిరోజున ఆ కారులో, అతని పక్కన కూర్చుని, తొంభై మైళ్ల అవతల ఉన్న ఈరీ సరస్సుకి వెళ్లాలి. ఈసారీ కదలకపోతే కారు అమ్మేస్తానంది. ఊరికే మాట విసిరే మనిషి కాదు నోరీన్.

మార్చిలో వెండెల్ నా షాపుకి ఒక జాబితా పట్టుకొచ్చాడు. ఇంజిన్ మీద చిన్న సూపర్‌ఛార్జర్ పెట్టుకున్నాడు, గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి తోసే రకం. దానికి తోడు వాల్వులు తెరవడానికి రేసు కారుకు వేసే, ఆ దడదడ పుట్టించే పెద్ద క్యామ్‌షాఫ్ట్, మూయడానికి మనిషి చేత్తో నొక్కలేనంత గట్టి స్ప్రింగులు కావాలట. జాబితా రాసిచ్చింది హార్లన్. హార్లన్ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు, జన్మలో ఒక్క ఇంజినూ విప్పలేదు. అందుకే అతనికి ఏ సందేహాలూ ఉండవు.

నేను ఓపిగ్గానే చెప్పాను. ఆ పెద్ద క్యామ్ గాలి వచ్చే వాల్వునీ పొగ పోయే వాల్వునీ చాలాసేపు కలిపి తెరిచి ఉంచుతుంది. సూపర్‌ఛార్జర్ లేని రేసు ఇంజిన్‌కి అది పనికొస్తుంది. నీకు గాలిని తోసే యంత్రం ముందే ఉంది కాబట్టి, తోసిన గాలీ పెట్రోలూ కాలకుండానే ఈ తలుపులోంచి వచ్చి ఆ తలుపులోంచి పోతాయి. స్ప్రింగులు ఆ ఒత్తిడికి లొంగకుండా ఉంటే చాలు, మరీ గట్టివైతే క్యామ్‌నే అరగదీస్తాయి. డబ్బు పెట్టాలంటే వేడికి తట్టుకునే పొగ వాల్వుల మీద పెట్టు, క్యామ్ ఊపును వాల్వుల దాకా చేర్చే పుష్‌రాడ్లు నేను కొలిచి తెప్పిస్తాను అన్నాను.

"మరి చప్పుడో, ఓరిన్?" అన్నాడు.

"కుట్టుమిషన్‌లా ఉంటుంది."

అతని మొహం మాడిపోయింది. జాబితా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తర్వాత మళ్లీ వచ్చాడు, ఈసారి వెనక గుమ్మంలోంచి. నేను చెప్పినవే వేయమన్నాడు. నోరీన్ సరస్సు పక్కన గది కూడా బుక్ చేసేసిందట, భయం పట్టుకుంది. కానీ సంగతి లాట్‌లో తెలియకూడదు, హార్లన్ చెప్పిన క్యామ్ తాలూకు ఖాళీ పెట్టె ఒకటి ఉంటే ఇమ్మన్నాడు. అరవై మూడేళ్ల మనిషి! నవ్వాపుకుని ఇచ్చాను.

నా చేతిపనిని నేను పొగుడుకోకూడదు గానీ, ఇంజిన్ బ్రహ్మాండంగా కుదిరింది. తాళం తిప్పగానే అందుకుంది. దాని మీద కాఫీ కప్పు పెడితే తొణకలేదు.

జూన్‌లో పెళ్లిరోజు శనివారం పడింది. వెళ్తూ వెళ్తూ లాట్‌లో ఐదు నిమిషాలు ఆగుదామన్నాడట వెండెల్. నా ఇంజిన్ చూసుకుందామని నేనూ వెళ్లాను. ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. అతను బానెట్ ఎత్తి, ఆ ఖాళీ పెట్టెను అందరికీ కనబడేలా నిలబెట్టి ఉపన్యాసం ఇస్తున్నాడు. నోరీన్ ముందు సీట్లో సాండ్‌విచ్‌ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు హార్లన్. వెండెల్ పెట్టె గురించే ఇంకో మాట అందుకున్నాడు. చివరికి తప్పక తాళం తిప్పి కిందికి దిగాడు. ఇంజిన్ మెత్తగా, ఒకే తీరున నడిచింది. హార్లన్ వంగి విన్నాడు.

"ఒరే వెండెల్, ఇది చర్చికెళ్లే బామ్మల కారుకు వేసే క్యామ్ కదరా."

అందరూ పగలబడి నవ్వారు. వెండెల్ నా వైపు చూశాడు. ఓరిన్ చెప్పాడు, నాకు సబబనిపించింది అంటే సరిపోయేది. అతనలా అనలేదు.

"నేనేం చేసేది? పెద్దదే వేద్దామన్నాను. మా ఆవిడ వినలేదు. ఆడవాళ్లకి ఇంజిన్ సంగతి ఏం తెలుస్తుంది?"

కారు అద్దం దించే ఉంది. నాకు ఒళ్లు మండింది, ఆ పెట్టె ఇచ్చిన నా మీద కూడా.

నోరీన్ డబ్బా పక్కన పెట్టి, డ్రైవరు సీట్లోకి జరిగింది.

"బానెట్ దించు, వెండెల్."

దించాడు.

"నేను సరస్సుకి వెళ్తున్నాను. నువ్విక్కడే వీళ్ల చప్పుడు వింటూ కూర్చో."

కారు కుదుపు లేకుండా కదిలింది. రోడ్డెక్కాక ఆవిడ కాలు గట్టిగా నొక్కింది. సూపర్‌ఛార్జర్ సన్నగా కూసింది, అంతే, మలుపు దాటేసింది.

వెండెల్ నా దగ్గరికి వచ్చాడు.

"పెట్రోలుకి ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా ఓరిన్? నీ బండిలో వెళ్లి అందుకుందామా?"

"హార్లన్ చెప్పిన క్యామ్ వేసుంటే ఆగేది," అన్నాను. "ఇప్పుడు సరస్సు దాకా ఆగక్కర్లేదు."