ఎక్కువ తినని ఎలుక

స్మృతి అమెరికా వచ్చిన రెండేళ్లలో పదకొండు కిలోలు పెరిగింది. ఆ సంగతి ఆమెకు తెలియకుండా పోతుందేమోనని అందరికీ బెంగ. అల్ఫారెట్టా ఊళ్లో ఆమె అద్దెకుంటున్న ఇంటి ఓనరు దమయంతి ఆంటీ కనబడినప్పుడల్లా "పిజ్జాలు కాస్త తగ్గించమ్మా" అనేది. స్మృతి పిజ్జా ముఖం చూసి నెలలైంది. ఆ మాట రెండుసార్లు చెప్పి చూసింది. నమ్మరని తేలాక మానేసింది.

పగలంతా ఆమె పని యూనివర్సిటీ ల్యాబ్‌లో ఎలుకలను తూచడం. వాటిలో సగం ఎలుకల అండాశయాల్లోకి కొలెస్ట్రాల్ వెళ్లే దారి లేదు. జన్యువు మార్చి అలా పుట్టించారు. రక్తం మోసుకొచ్చిన కొలెస్ట్రాల్ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోవలసిందే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారయ్యేది దానితోనే. సరుకు లేని వంటింట్లో పొయ్యి వెలిగించి ఏం లాభం? ఈస్ట్రోజన్ తగ్గితే, ఎప్పటిలా తిన్నా ఒళ్లు వస్తుందా అన్నది ప్రొఫెసర్ కృష్ణమోహన్ గారి ప్రశ్న.

పద్నాలుగో నంబరు ఎలుక ఆ ప్రశ్నకు గుండ్రంగా జవాబు చెప్పింది. తిండి రోజుకు నాలుగు గ్రాములు, మిగతా ఎలుకలు తినేంతే. బరువు మాత్రం వాటికి ఒకటిన్నర రెట్లు.

"నువ్వే ఏదో పెడుతున్నావ్" అన్నారు కృష్ణమోహన్ గారు.

ఆయన దగ్గర ఆధారం ఉంది. స్మృతి ఆ బోను ముందు వంగి "తిను బంగారం, ఇంకొక్క ముద్ద" అని బతిమాలడం గది కెమెరాలో కళ్లారా చూశారు.

"అలా అనడం అలవాటు సర్. నేనేం పెట్టలేదు."

ఇంకొక్క ముద్ద అన్న తెలుగువాళ్లు పెట్టకుండా ఊరుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "డేటా తప్పని తేలితే నిన్ను కంటిన్యూ చేయలేను. ఫండింగ్ పోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసా స్టేటస్ కూడా పోతుంది, తెలుసుగా?"

ఎనిమిది వారాలు సీనియర్ విద్యార్థి లోకేష్ బోనులకు తాళాలు వేసి, తానే తిండి తూచి పెట్టాడు. స్మృతి గుమ్మం బయటే నిలబడింది. రోజూ భయమేసేది. తన మాట మీద తనకే అనుమానం వచ్చేది.

పద్నాలుగో నంబరు నాలుగు గ్రాములే తిని ఇంకా లావెక్కింది.

"సారీ" అన్నారు కృష్ణమోహన్ గారు. "సూపర్ డేటా. ఇక అండాశయం తీసి అందులో కొలెస్ట్రాల్, ఈస్ట్రోజన్ మెజర్ చెయ్."

"రక్తంలో చూస్తే చాలదా సర్?"

"చాలదు. అండాశయంలో చూడటమొక్కటే ప్రూఫ్. నువ్వే చెయ్, నీ ఎలుకే కదా."

గురువారం పొద్దున స్మృతే చేసింది. ప్రాణం తీసే గ్యాస్ పెట్టినప్పుడు అది ఆమె చేతినే చూసింది. అండాశయం ఆవగింజంత ఉంది. అందులో కొలెస్ట్రాల్ దాదాపు లేదు, ఈస్ట్రోజన్ నామమాత్రం. లోకేష్ చప్పట్లు కొట్టాడు. ఆ ఎలుక ఎక్కువ తినలేదని ల్యాబ్ మొత్తం ఒప్పుకుంది.

స్మృతి బాత్‌రూమ్‌కి వెళ్లి కరువుతీరా ఏడ్చింది. ముఖం కడుక్కుని వచ్చి రిజిస్టర్ తెరిచింది. నంబరు రాసింది, బరువు రాసింది. చనిపోవడానికి కారణం అన్న గడిలో "నోటి మాట ఎవరూ నమ్మలేదు" అని రాసింది. కాసేపు చూసి, కొట్టేసి, "ప్రయోగం పూర్తయింది" అని రాసి సంతకం పెట్టింది.