విషమని చెప్పని గోడలు

సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందిన కొన్నేళ్లకే మిర్యాలగూడ చుట్టుపక్కల ఎటు చూసినా వరే కనిపించసాగింది. వరితో పాటు పురుగూ పెరిగింది. పురుగు కోసం మందు డబ్బాలు వచ్చాయి. ఆ డబ్బాల బొమ్మలను ఊరూరా గోడల మీద వేసేవాడు రామనర్సయ్య.

ఆయన చెయ్యి మంచిది. మాడుగులపల్లి దారిలో ఒక గోడ మీద నిండు కంకుల మధ్య నవ్వుతున్న రైతును గీస్తుంటే జనం బండ్లు ఆపుకొని చూశారు. ఆ పని పెట్టించింది మిర్యాలగూడలో పురుగుల మందు దుకాణం నడిపే విశ్వేశ్వర్. డబ్బా మీద ఉన్నట్టే పుర్రె గుర్తు కూడా గీయబోతే ఆయన వద్దన్నాడు.

“గోడ మీద పుర్రె ఎందుకు రామనర్సయ్యా? జనం బెదురుతరు. డబ్బా మీద ఎట్లనూ ఉంటది కద.”

రామనర్సయ్యకు అది సబబుగానే తోచింది. ఆ జాగాలో మరికొన్ని కంకులు వేశాడు.

ఆయన అక్క మైసమ్మ ఆ దారిలోనే ఒక పల్లెలో గొర్లు కాస్తూ బతికేది. భర్త పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, సుక్కి. ఇంకా బడి మొహం చూడని పిల్ల.

వరి పొట్టకొచ్చిన రోజుల్లో ఒక రైతు పొలానికి మందు కొట్టి, డబ్బాను పక్కనున్న పిల్లకాలువలో కడిగాడు. కాసేపటికి చేపలు తేలాయి. సుక్కి సంబరంగా వాటిని పావడాలో ఏరుకొని ఇంటికి తెచ్చింది. కొన్ని కాల్చుకొని తిన్నది. మిగిలినవి తల్లి కోసం మూకుడులో దాచింది.

మైసమ్మ మంద తోలుకొని వచ్చేసరికి పిల్ల నోట నురగ. ఎడ్లబండి మీద వేసుకొని మిర్యాలగూడ దవాఖానకు బయలుదేరారు. సగం దారిలోనే సుక్కి ఒళ్లు చల్లబడింది. తల్లి ఒడిలో పిల్లతో తిరిగి వచ్చేసరికి మూకుడులో చేపలు అలాగే ఉన్నాయి.

మందు కొట్టిన రైతు వచ్చి మైసమ్మ ముందు కూలబడ్డాడు. “ఇంత విషమని తెల్వదమ్మా. డబ్బా మీది సిన్న గుర్తు కండ్లవడలే, గోడ మీది పెద్ద బొమ్మ సూసి పంటకు బలమనుకున్న.”

కబురు అంది వచ్చి పక్కనే నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగింది మైసమ్మ.

“నీ బొమ్మ రోజూ సూసినం తమ్మీ. విషమని అండ్ల యాడ సెప్పినవ్?”

దినాలు కాగానే రామనర్సయ్య సున్నం బొక్కెన పట్టుకొని తాను వేసిన గోడలన్నీ తెల్లగా పూయసాగాడు. సంగతి తెలిసి విశ్వేశ్వర్ వచ్చాడు.

“నీ దుఃఖం నాకు తెల్వదా? గని డబ్బా కాల్వల కడగమని నేను సెప్పిన్నా?”

“కడగొద్దని కూడ సెప్పలే గద సేటూ. నేనూ సెప్పలే.”

“గిట్ల చేస్తే ఇగ నీకెవ్వరు పని ఇయ్యరు.”

“ఇయ్యకుంటే మానె.”

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి పోయి, “నీ గోడ ఇస్తవా అక్కా?” అని అడిగాడు. మైసమ్మ గోడ దగ్గరి మంచం పక్కకు జరిపింది. కాలువలో డబ్బా కడుగుతున్న మనిషి, వెల్లకిలా తేలిన చేపలు, ఒడ్డున పడిపోయిన గొర్రె, వాటి మీద పెద్ద పుర్రె. చదువు రాని వాళ్లకూ అర్థమయ్యేలా గీశాడు. మైసమ్మ చాలాసేపు చూసింది.

“మంచిగేసినవ్ తమ్మీ. ఇది ముందుగాల ఏసుంటే...” అని, మాట పూర్తి చేయకుండా లోపలికి పోయింది.

విశ్వేశ్వర్ అన్నట్టే అయింది. దుకాణాల వాళ్లు రామనర్సయ్యను పిలవడం మానేశారు. బండి చక్రాలకు, ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి బతుకుతూనే పెన్‌పహాడ్ దాకా పల్లెల్లో ఆ బొమ్మ గీశాడు. కొందరు డబ్బాలను గోతిలో పూడ్చడం మొదలుపెట్టారు. చాలామంది మాత్రం కాలువలోనే కడిగారు.

ఒకనాడు రచ్చబండ దగ్గర నలుగురిలో సర్పంచ్ ఐలయ్య జాలిగా అడిగాడు. “మంచి పేరున్నోడివి, బతుకుదెరువు చెడగొట్టుకున్నవ్. ఏం సాధించినవ్ రామనర్సయ్యా?”

“ఏం సాధించలే పటేలా. పోయిన పిల్ల రాదు,” అన్నాడు రామనర్సయ్య. చుట్టూ కూడిన జనం వైపు తిరిగి, అందరూ వినేలా చెప్పాడు. “గని ఒక్కటి తెలిసింది. బొమ్మ గీసేటోడైనా, పాట కట్టేటోడైనా, తన పనితోని నేలకు, నీళ్లకు, వాటి మీద బతికే పానాలకు ఏమైతదో ముందుగాల సూసుకోవాలె. కూలి, పేరు ఆ తర్వాతనే.”